టాక్స్ మిగిలింది సరే, నెలనెలా ఏమొస్తుంది?

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. జీతంలోంచి కొంత పెన్షన్ ఫండ్‌కి కట్ అవుతుంది, కంపెనీ కూడా కొంత వేస్తుంది. కావాలంటే ఇంకా ఎక్కువ వేసుకోవచ్చంటారు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఏటా టాక్స్ లెక్కలు చూపించాల్సిన ఆఖరి వారంలో ఎవరో ఒకరు చెప్పిన పథకంలో డబ్బు పెట్టేస్తుంటాను. అలా ఏడు రకాల కాగితాలు పోగయ్యాయి. అన్నీ కలిపితే మా ఇంటి నెల ఖర్చుకు ఓ 50 రెట్లు ఉంటుంది. ఇంటి అప్పు ఇంకో పదేళ్లుంది, పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. మా ఆయనది సొంత పని, పెన్షన్ లేదు. నాకు ప్రభుత్వం నుంచి వచ్చే పెన్షన్ ఇప్పటి ఖర్చులో మూడోవంతు కూడా ఉండదు. మా నాన్నగారికి చివరిదాకా పెన్షన్ వచ్చింది, ఆయన పోయాక అమ్మకు సగం వస్తోంది. నాకు 60కి రిటైరవ్వాలని ఉంది. ఇప్పుడు టాక్స్ తగ్గించే పథకం మంచిదా, తీసుకునేటప్పుడు టాక్స్ పడనిది మంచిదా? ఎంత ఉంటే సరిపోతుంది? రిటైరయ్యాక మొత్తం ఒకేసారి తీసుకోవాలా, నెలనెలా పెన్షన్‌గా మార్చుకోవాలా? పొద్దున లేస్తే ఇదే టెన్షన్.

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది "నెల ఖర్చుకు 50 రెట్లు" అన్న మాట. ఇలాంటి ఉత్తరాల్లో అందరూ పోగైన మొత్తం ఎంతో రాస్తారు. నెలకెంత ఖర్చవుతుందో రాసేవాళ్లు అరుదు. ఖర్చు చెప్పకుండా పొదుపు సరిపోతుందా అని అడిగితే, వెళ్లాల్సిన ఊరు ఎంత దూరమో చెప్పకుండా బండిలో ఉన్న పెట్రోలు చాలుతుందా అని అడిగినట్టే. మీరు సగం లెక్క చేసే ఉత్తరం రాశారు.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. పథకాల పేర్లు, పరిమితులు, టాక్స్ శ్లాబులు దేశానికో తీరు, పైగా తరచూ మారుతుంటాయి. వాటి జోలికి వెళ్లను. వాటి అడుగున ఉండే లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే. మీ నెల ఖర్చును 100 అనుకుని చెబుతాను, మీ డబ్బులోకి మీరే మార్చుకోండి. ఆ లెక్కన ఇప్పుడు మీ దగ్గరున్నది 5,000.

ముందు మీ నాన్నగారి పెన్షన్ సంగతి. మీ టెన్షన్‌కి మూలం అక్కడే ఉంది. ముసలితనంలో ప్రభుత్వం నెలనెలా డబ్బివ్వడమనే పద్ధతికి జర్మనీలో అప్పటి ఛాన్సలర్ బిస్మార్క్ 1889లో చట్టం తెచ్చాడు. అర్హత వయసు 70 పెట్టారు. ఆ కాలంలో ఆ వయసు చూసేవాళ్లే తక్కువ. (చట్టం వచ్చేనాటికి బిస్మార్క్‌కి మాత్రం 74!) దాన్ని 65కి దించింది 1916లో. ఆ తర్వాత చాలా దేశాల్లో ప్రభుత్వాలూ పెద్ద కంపెనీలూ "ఇన్నేళ్లు పనిచేస్తే, మీ జీతాన్ని బట్టి, బతికున్నన్నాళ్లూ ఇంత ఇస్తాం" అని మాటిచ్చాయి. మీ నాన్నగారు అందుకున్నది ఆ మాటనే.

మనుషులు ఎక్కువకాలం బతకడం మొదలయ్యాక ఆ మాట నిలబెట్టుకోవడం బరువైంది. మెల్లగా మాట మారిపోయింది. "నెలనెలా ఇంత ఇస్తాం" అన్నచోట "నెలనెలా ఇంత వేస్తాం, చివరికి ఎంతయితే అంత" అన్నది వచ్చింది. అమెరికాలో 1978 నాటి పన్ను చట్టంలోని ఒక చిన్న సెక్షన్ ఈ దారి తెరిచింది, దాన్నే 401(కె) అంటారు. ఆస్ట్రేలియాలో 1992 నుంచి ఉద్యోగి పేరున ఫండ్‌లో డబ్బు వేయడం యజమానికి తప్పనిసరి అయింది. బ్రిటన్‌లో 2012 నుంచి, ఉద్యోగి వద్దని చెబితే తప్ప తనంతట తానే ఫండ్‌లో చేరిపోయేలా ఏర్పాటు చేశారు. మీ నాన్నగారు రెండు విషయాల గురించి ఎప్పుడూ ఆలోచించి ఉండరు: మార్కెట్ పడిపోతే ఎలా, నేను మరీ ఎక్కువకాలం బతికితే ఎలా. ఆ రెండు బరువులనూ అప్పట్లో ఇచ్చేవాళ్లు మోశారు. ఇప్పుడు అవి మీ నెత్తిమీదకు వచ్చాయి. మీ మూడు ప్రశ్నలూ ఆ బరువును ఎలా దించుకోవాలన్నదాని చుట్టూనే తిరుగుతాయి.

టాక్స్ సంగతి చూద్దాం. ఆఖరి వారంలో ఎవరో చెప్పిన పథకం అన్నారే, తిరకాసు అక్కడుంది. టాక్స్ మిగులుతుందంటే చాలు, మనం ఇంకేమీ చూడం. ఇరవై మిగిలిందన్న సంతోషంలో మిగతా ఎనభై ఎక్కడ, ఎన్నేళ్లు ఇరుక్కుంటోందో అడగం.

వేసేటప్పుడు టాక్స్ తగ్గించే ఖాతా ఒకటి, తీసుకునేటప్పుడు టాక్స్ పడని ఖాతా ఒకటి. ఏది లాభమో కాగితం మీద వేసి చూడండి. మీకు 20 శాతం టాక్స్ అనుకుందాం. జీతంలో 100 పక్కన పెట్టారు. మొదటి రకంలో 100కి 100 ఖాతాలోకి వెళ్తుంది. ఏటా 7 శాతం పెరిగితే ఇరవై ఏళ్లలో దాదాపు నాలుగింతలు, అంటే 400. తీసుకునేటప్పుడు 20 శాతం పోయి చేతికొచ్చేది 320. రెండో రకంలో ముందే టాక్స్ కట్టేసి 80 వేస్తారు. అదీ నాలుగింతలవుతుంది. 320! పైసా తేడా లేదు. మొదటి రకంలో మీకు టాక్స్ మాఫీ కాలేదు, వాయిదా పడిందంతే.

తేడా వచ్చేదల్లా ఇప్పటి రేటు, అప్పటి రేటు వేరైనప్పుడే. ఇప్పుడు 30 శాతం కడుతూ, రిటైరయ్యాక 20 శాతంలోకి దిగే మనిషికి మొదటి రకంలో అదే 320 వస్తుంది. రెండో రకంలో 70 నాలుగింతలై 280 మాత్రమే వస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి తక్కువ శ్లాబులో ఉన్న కుర్రాళ్లకు దీనికి తిరగేసి చెప్పాలి. మీరు 45లో ఉన్నారు, జీతం బాగా పెరిగి ఉంటుంది. కాబట్టి ఎక్కువ భాగం మొదటి రకంలో వేయండి. కొంత మాత్రం రెండో రకంలో ఉంచుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత టాక్స్ రేట్లు ఎలా ఉంటాయో ఎవరి లెక్కకూ అందదు. పైగా ఏదో ఒక ఏడు ఇంటి రిపేరో, ఆపరేషనో వచ్చి ఒకేసారి పెద్ద మొత్తం తీయాల్సి వస్తే, మొదటి రకంలోంచి తీసినదంతా ఆ ఏటి ఆదాయం కిందకి వచ్చి మిమ్మల్ని పై శ్లాబులోకి నెట్టవచ్చు. అలాంటప్పుడు రెండో రకం డబ్బు అక్కరకొస్తుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. చాలామంది మొదటి రకంలో కూడా 80 మాత్రమే వేసి, మిగిలిన టాక్స్‌ని ఖర్చు పెట్టేస్తారు. 80 నాలుగింతలై 320, దానిమీద 20 శాతం టాక్స్ పోతే 256. టాక్స్ మిగుల్చుకున్నామనుకున్న మనిషి చివరికి ఏ లాభమూ ఆశించకుండా రెండో రకంలో వేసినవాడికన్నా వెనకబడిపోయాడు. ఆ మిగిలిన టాక్స్ కూడా ఖాతాలోకి వెళ్తేనే లెక్క సరిపోతుంది.

ఇవన్నీ తర్వాత, రేపు ఆఫీసుకు వెళ్లగానే చేయాల్సిన పని ఒకటుంది. మీరు ఫండ్‌లో ఎక్కువ వేస్తే కంపెనీ కూడా ఆ మేరకు ఎక్కువ వేస్తుందేమో హెచ్‌ఆర్‌లో అడగండి. వేస్తుందంటే అది మీ జీతంలో భాగమే, ఇన్నాళ్లూ మీరు తీసుకోకుండా వదిలేస్తున్నారు. ఏ పథకమూ మొదటి రోజే అంత రాబడి ఇవ్వదు. పనిలో పనిగా, కంపెనీ వేసిన భాగం మీ సొంతం కావాలంటే ఎన్నేళ్లు అక్కడ పనిచేయాలో కూడా కనుక్కోండి. మూడు నెలలు ఆగి ఉంటే వచ్చే డబ్బును తెలియక వదిలేసి ఉద్యోగం మారినవాళ్లు నాకు తెలుసు.

ఇక ఆ ఏడు కాగితాలు. ఓ ఆదివారం వాటిని మంచమ్మీద పరిచి, ఒక్కోదానిలో మూడే మూడు చూడండి: డబ్బు ఎప్పుడు బయటికి తీయొచ్చు, ఏటా ఎంత ఛార్జీ కోస్తారు, ఇందులో ఇన్సూరెన్స్ కలిసి ఉందా. ఛార్జీ నూటికి ఒకటే కదా అని తీసిపారేయకండి. 7 శాతం రాబడి 6 అయితే పాతికేళ్లలో చివరి మొత్తంలో దాదాపు ఐదోవంతు ఎగిరిపోతుంది. ఇన్సూరెన్సూ పొదుపూ కలిపి అమ్మే పథకాలంటే నాకు మొదట్నుంచీ పడదు. ఇంట్లో సంపాదించేవాళ్లకు ఏమైనా జరిగితే ఆదుకునే ఇన్సూరెన్స్ విడిగా, మామూలు టర్మ్ పాలసీగా (గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చేది, పొదుపు కలవనిది) తీసుకోవడం మంచిది. కలిపిన పాలసీలో ఇన్సూరెన్స్‌కి ఎంత పోయింది, పొదుపుకి ఎంత పోయింది అన్నది కొన్నవాళ్లకు కనిపించదు. అలాగని ఉన్నవాటిని తొందరపడి రద్దు చేయకండి. మధ్యలో మానేస్తే ఎంత కోస్తారో లెక్క తీసి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి.

ఎంత ఉంటే సరిపోతుంది? మీ 100లో ఇంటి అప్పు, పిల్లల ఖర్చు పోతే 60 మిగులుతుందనుకుందాం. వయసు పెరిగితే పెరిగే ఖర్చులకు ఇంకో 10 కలపండి. 70. ప్రభుత్వం నుంచి వచ్చేది 30. నెలకు 40 మీ పొదుపులోంచి రావాలి, ఏడాదికి 480. దీన్ని 25తో గుణిస్తే 12,000.

ఆ 25 ఎక్కడిదంటారా? అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి షేర్ల, ప్రభుత్వ బాండ్ల పాత లెక్కలన్నీ తిరగేసి చూశాడు. మొదటి ఏడాది, పోగైన మొత్తంలో 4 శాతం తీసి, ఆ తర్వాత ఏటా ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోతే, ఎంత చెడ్డ కాలంలో రిటైరైనా డబ్బు 30 ఏళ్లు నిలిచింది. 4 శాతమంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు. అది అమెరికా చరిత్ర, అన్ని దేశాలకూ అచ్చుగుద్దినట్టు సరిపోదు. గీత ఎక్కడ గీయాలో తెలియనప్పుడు గీసుకోవడానికి ఒక గీత అనుకోండి. తీసేటప్పుడు టాక్స్ పడే ఖాతాలైతే ఆ 40ని 44 అనో 45 అనో వేసుకోవాలి, అది మర్చిపోకండి.

మీ దగ్గర 5,000 ఉంది. ధరల పెరుగుదల పోను ఏటా 3 శాతం పెరిగితే, పదిహేనేళ్లకు అది ఇవాళ్టి విలువలో సుమారు 7,800. ఇంకా 4,200 కావాలి. దానికి ఇప్పటినుంచి నెలకు దాదాపు 19 చొప్పున పడాలి. కంపెనీ వేసేది కూడా ఈ 19లోదే. ధరలతోపాటు ఏటా దాన్నీ పెంచుతూ పోవాలి. ఇప్పుడు మీదీ కంపెనీదీ కలిపి ఎంత పడుతోందో పే స్లిప్‌లో చూడండి, బహుశా అనుకున్నంత దూరంలో ఉండకపోవచ్చు. ఇదే లెక్కలో 60కి బదులు 62కి రిటైరైతే ఆ 19 కాస్తా 14 అవుతుంది. రెండేళ్లకు అంత బలం ఉంది. పదేళ్లకు ఇంటి అప్పు తీరుతుందన్నారు కదా, ఆ కిస్తీ ఆగిన నెలనుంచే దాన్ని ఫండ్‌లోకి మళ్లిస్తే చివరి ఐదేళ్లలో చాలా దూరం పోతారు. అప్పటికి మీ చేతికి ఆ కిస్తీ అలవాటుపడి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు.

ధరల పెరుగుదల పోను అన్నాను చూడండి, ఆ మాట చిన్నది కాదు. ధరలు ఏటా 6 శాతం పెరిగే చోట 12 ఏళ్లకు ఖర్చు రెట్టింపు, 3 శాతం పెరిగే చోట 24 ఏళ్లకు. 72ని ఆ శాతంతో భాగించండి, ఎన్నేళ్లో తెలిసిపోతుంది. మామూలు సేవింగ్స్ ఖాతాలో పడి ఉన్న డబ్బు సాధారణంగా ఈ పరుగు అందుకోలేదు. అందుకే పదేళ్లకు పైగా ముట్టుకోనక్కర్లేని డబ్బులో మంచి భాగం షేర్లలో, తక్కువ ఛార్జీ ఉన్న ఇండెక్స్ ఫండ్లలో (మార్కెట్ సూచీలో ఉన్న కంపెనీలన్నిటి షేర్లూ కొనేవి) ఉండాలంటాను. ఆర్నెల్ల ఖర్చు మాత్రం విడిగా, అడిగిన రోజు చేతికొచ్చేలా పెట్టుకోండి.

19 అనగానే "ఇప్పుడున్న ఖర్చుల్లో ఎక్కణ్నుంచి తేవాలి" అనుకుంటారని తెలుసు. ఒకేసారి తేవద్దు. రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక కంపెనీ ఉద్యోగులతో ఒప్పందం చేసుకున్నారు: ఇప్పుడేమీ ఇవ్వక్కర్లేదు, జీతం పెరిగినప్పుడల్లా ఆ పెంపులోంచి కొంత ఫండ్‌కి వెళ్లిపోతుంది, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు. ఒప్పుకున్నవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికి రాని డబ్బు పోయినట్టే అనిపించదు. మీరూ వచ్చే ఇంక్రిమెంటు ఉత్తరం రాకముందే ఫండ్‌లో వేసే శాతం పెంచేలా ఫారం ఇచ్చేయండి. వచ్చాక ఇద్దామంటే ఆ డబ్బుకు ఇంట్లో ముగ్గురు నలుగురు హక్కుదార్లు తయారవుతారు.

మూడో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

మా బావగారు ఒకాయన రిటైరైనప్పుడు మొత్తం ఒకేసారి తీసుకున్నారు. జాగ్రత్తపరుడే. ఒక గళ్ల డైరీ కొని, మొదటి పేజీ పైన ఎర్ర సిరాతో "కదపరాదు" అని రాసి, కింద మొత్తం వేశారు. రెండేళ్ల తర్వాత ఆ డైరీ నేను చూశాను. "కదపరాదు" కింద పన్నెండు వరుసలున్నాయి. మొదటివి నాలుగు నీలం ఇంకులో, గుండ్రటి అక్షరాలతో: ఇంటి రిపేరు, అమ్మాయికి, బండి, అబ్బాయి వ్యాపారానికి — అప్పుగా. ఆ "అప్పుగా" కింద రెండు గీతలు. ఆ తర్వాత పెన్ను మారింది, అక్షరాలు వంకరపోయాయి, చివరి మూడిటికి ఎందుకో కూడా రాయలేదు. సగం పైన అయిపోయింది. ఒక్కటంటే ఒక్క ఖర్చూ దుబారా కాదు. ఎవరో ఒకరి అవసరం, ఆయనేమో కాదనలేని మనిషి. నెలనెలా వచ్చే పెన్షన్‌ని ఎవరూ అప్పు అడగరు. బ్యాంకులో కనిపించే మొత్తాన్ని అందరూ అడుగుతారు.

అలాగని అంతా పెన్షన్‌గా మార్చేయమనీ చెప్పను. జీవితకాల పెన్షన్, అంటే యాన్యుటీ, ఎలా పనిచేస్తుందో ముందు చూడండి. వెయ్యిమంది ఒక కంపెనీ దగ్గర డబ్బు వేసి, బతికున్నన్నాళ్లూ నెలనెలా తీసుకుంటారు. కొందరు త్వరగా పోతారు, వాళ్లది మిగిలి ఉన్నవాళ్లకు చేరుతుంది. అందుకే ఎంత కాలం బతికినా డబ్బు ఆగదు, బ్యాంకు వడ్డీ కన్నా నెలకు ఎక్కువే వస్తుంది. తోకచుక్క హేలీ ఉన్నాడే, ఆ ఎడ్మండ్ హేలీయే 1693లో బ్రెస్లావ్ పట్టణపు జనన మరణాల లెక్కలు తీసి, ఏ వయసువాళ్లు ఎంతకాలం బతకవచ్చో, దాన్నిబట్టి ఎవరి పెన్షన్‌కి ఎంత ధర ఉండాలో పట్టిక వేశాడు. అప్పట్లో ఇంగ్లండ్ ప్రభుత్వం పిల్లలకూ ముసలివాళ్లకూ ఒకే ధరకు ఈ పెన్షన్లు అమ్మేది! ఆ పట్టిక చెప్పే సంగతి మీకు ఇవాళ పనికొస్తుంది: అదే డబ్బుకు 60లో కన్నా 70లో కొంటే నెలకు ఎక్కువ వస్తుంది.

చనిపోయాక పిల్లలకేమీ మిగల్చనక్కర్లేని మనిషికి, ధర న్యాయంగా ఉంటే, పొదుపంతా యాన్యుటీగా మార్చుకోవడమే మేలని మెనాహెమ్ యారీ అనే ఆర్థికవేత్త 1965లో లెక్కకట్టి చూపించాడు. అయినా జనం కొనరు. ఎందుకు కొనరో నాకు ఆశ్చర్యమేమీ లేదు. రేపు పోతే డబ్బంతా కంపెనీకేనా అన్న గుబులు. దాన్ని పోగొట్టడానికి "మీరు పోయాక, వేసిన అసలు మొత్తం వారసులకు వెనక్కి" అనే రకం అమ్ముతారు. వినడానికి బాగుంటుంది. కానీ అసలు వెనక్కిచ్చేది కాబట్టి మీకు నెలనెలా వచ్చేది చాలావరకు వడ్డీయే, పైన చెప్పిన వెయ్యిమంది లాభం దాదాపు ఉండదు.

మీకు నేను చెప్పేదిది. కరెంటు బిల్లు, మందులు, రోజువారీ ఇంటి ఖర్చు, ఇలా తప్పనివన్నీ ఓ కాగితం మీద కూడండి. పైన వేసిన నెలకు 70 ఖర్చులో అవి 45 అనుకోండి. ప్రభుత్వ పెన్షన్ 30 పోను మిగిలిన 15కి సరిపడా మాత్రం జీవితకాల పెన్షన్ కొనండి. అదీ ఒకేసారి వద్దు. కొంత రిటైరైనప్పుడు, కొంత 70 ఏళ్ల దగ్గర కొంటే, వడ్డీ రేట్లు బాగా తక్కువున్న రోజునే అంతా కొనేసి నెలనెలా తక్కువ తెచ్చుకునే చిక్కు ఉండదు. ధరలతోపాటు పెరిగే రకం దొరికితే మొదట్లో తక్కువ వచ్చినా దానికే మొగ్గండి. మిగతాదంతా మీ చేతిలో, పెట్టుబడిలో ఉండనివ్వండి.

తప్పకుండా జాయింట్ పెన్షన్ తీసుకోండి, మీ తర్వాత మీ ఆయనకు వచ్చేది. ఒక్కరి పేరున తీసుకుంటే నెలకు కాస్త ఎక్కువ వస్తుంది, ఆ కాస్తకు ఆశపడకండి. మీలో ఒక్కొక్కరు 90 దాటే అవకాశం నూటికి 30 అనుకుందాం. ఇద్దరిలో కనీసం ఒకరు దాటే అవకాశం 51. మీ అమ్మగారికి ఇప్పుడు సగం వస్తోందంటే, అది మీ నాన్నగారి పెన్షన్ నిబంధనల్లో ముందే ఉంది కాబట్టి వస్తోంది. మీ విషయంలో ఆ టిక్కు మీరే పెట్టాలి.

పెట్టుబడిలో ఉంచిన డబ్బుకు అన్నిటికన్నా ప్రమాదం రిటైరైన మొదటి కొన్నేళ్లే. 100 ఉంది, ప్రతి ఏడు మొదట్లో 6 తీస్తారు. మార్కెట్ మొదటి ఏడు 20 శాతం పడి, రెండో ఏడు కదలక, మూడో ఏడు 30 శాతం పెరిగిందనుకోండి. చివరికి 82 మిగులుతుంది. అవే మూడేళ్లు తిరగబడి, ముందు పెరిగి చివర్లో పడితే 88. సగటు రాబడి ఒకటే, మీరు తీసిందీ ఒకటే. ఏడాది ఖర్చు మొత్తం మాయమైంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు మార్కెట్ పడితే చవగ్గా కొంటారు, రిటైరయ్యాక పడితే చవగ్గా అమ్ముకుంటారు. అందుకని 57, 58 వచ్చేసరికి రెండు మూడేళ్ల ఖర్చును షేర్లలోంచి తీసి కదలని చోట పెట్టుకోండి. మార్కెట్ పడిన ఏడు అందులోంచి తినొచ్చు.

కాగితాల గురించి ఒక్క మాట. నేను పాత ఉద్యోగం వదిలేటప్పుడు అక్కడి ఫండ్‌లో ఉన్న చిన్న మొత్తాన్ని తర్వాత చూద్దామని వదిలేశాను. పదకొండేళ్ల తర్వాత వెళ్తే వాళ్ల రికార్డులో నా ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. ఆ అక్షరం సరిచేయించడానికి ఏడు నెలలు పట్టింది. ప్రతిసారీ వేరే కౌంటరు, ప్రతిసారీ "ఇంకో ప్రూఫ్ తెండి". నేను బతికుండగా నా డబ్బుకే అంత అయితే, మనం లేనప్పుడు ఇంట్లోవాళ్లు ఏం పడతారో ఊహించుకోండి. ఏడు కాగితాల్లోనూ మీ పేరు ఒకేలా ఉందా, నామినీగా ఎవరున్నారు, పాత ఉద్యోగాల ఫండ్ ఏమైనా మిగిలిపోయిందా చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో నామినీగా ఇంకా తల్లిదండ్రుల పేర్లే ఉండిపోతాయి.

మీ ఆయన వయసు మాత్రం రాయలేదు. ఆయన మీకన్నా రెండేళ్లు పెద్దా, పదేళ్లు పెద్దా అన్నదాన్నిబట్టి జాయింట్ పెన్షన్ ధరా, మీరు 60కి ఆగాలా 62 దాకా సాగాలా అన్నదీ మారతాయి. సొంత పని అంటున్నారు కాబట్టి ఆయన పేరున కూడా ఒక పెన్షన్ ఖాతా తెరవగలరేమో ఈ నెలలోనే కనుక్కోండి. ఆయనది మీకన్నా తక్కువ శ్లాబు అయితే, పైన చెప్పిన రెండో రకం ఖాతా ఆయన పేరునే తెరవడం మేలు.